పెద్ద సర్వరనెడి భ్రాంతి

వెబ్‌సైటు మందగించినదన్న ఫిర్యాదు చెవిని బడినంతనే, ఏ పుట మందగించినది, ఏ వేళ మందగించినది, చదువరికా లేక సంపాదకునికా అని ఒక్క ప్రశ్నయైన వేయక, "సర్వరు చాలుటలేదు, పెద్దది తీసికొనుడు" అని చెప్పివేయుట నేడు సర్వజనసమ్మతమైన సిద్ధాంతముగా చెలామణి యగుచున్నది. సర్వర్లను అద్దెకిచ్చువారు ఈ మాట చెప్పినచో ఆశ్చర్యపడ నక్కరలేదు. అది వారి వర్తకము. కాని సైట్లను నిర్మించువారును, వానిని నిర్వహించువారును, వారి మాట నమ్మి నెలనెల అద్దె చెల్లించు చిన్న పత్రికల సంపాదకులును, గ్రంథాలయములవారును, విద్యాసంస్థలవారును సైతము దీనిని ప్రశ్నింపరాని సత్యముగా గైకొనుట మాత్రము విచారింపదగిన విషయము. వర్డ్‌ప్రెస్ వంటి వ్యవస్థలపై నడచు సైట్లలో డేటాబేసు మందగించుటకు కారణము తఱచుగా యంత్రముయొక్క చిన్నతనమున గాక, మనము దాని కప్పగించిన పనియొక్క ఆకారమునందే యున్నదనియు, ఆ ఆకారమును పరీక్షింపక యంత్రమును పెంచుట దోషమునకు అన్నము పెట్టి పోషించుటయే యనియు నేను చెప్పదలచినాను.

ఇది కొలదిమందికి సంబంధించిన సాంకేతిక వివాదము కాదు. 2003లో మాట్ మల్లెన్‌వెగ్, మైక్ లిటిల్ అను నిరువురు ప్రారంభించిన వర్డ్‌ప్రెస్ నేడు ప్రపంచమందలి వెబ్‌సైట్లలో నూటికి నలుబదికి పైగా మోయుచున్నది. తెలుగు వార్తాసైట్లు, సాహిత్యపత్రికలు, దేవాలయముల సైట్లు, ప్రవాసాంధ్ర సంఘముల సైట్లు అసంఖ్యాకముగా దానిమీదనే నడచుచున్నవి. వానిలో ననేకములు చందాలతోను, కొందరి సొంత సొమ్ముతోను బ్రదుకుచున్నవి. అట్టివారిచేత అక్కరలేని అద్దె కట్టించుట వారి పత్రికలోని పుటలను కోసివేయుటతో సమానము.

మొదట డేటాబేసనునది ఏమి చేయునో స్మరింతము. 1970లో ఇ. ఎఫ్. కాడ్ తన సుప్రసిద్ధ పత్రమున రిలేషనల్ పద్ధతిని ప్రతిపాదించినప్పుడు అందలి మూలభావన యిది: ప్రయోక్త తనకు కావలసినదేమో చెప్పవలెను, దానిని ఏ దారిన తెచ్చుటయో వ్యవస్థ చూచుకొనవలెను. ఆ దారిని అంచనాల నాధారముగా గొని ఎన్నుకొను విధానమును ఐబీఎమ్ సంస్థలో ప్యాట్రీషియా సెలింజర్, ఆమె సహచరులు 1979లో వివరించిరి. దారి దగ్గర చేయునట్టి ఇండెక్సు నిర్మాణమును, అనగా బీ-ట్రీని, బోయింగ్ పరిశోధనాలయమున పనిచేసిన రుడాల్ఫ్ బేయర్, ఎడ్వర్డ్ మెక్‌క్రెయిట్ 1972లో ప్రకటించిరి. వర్డ్‌ప్రెస్ సామాన్యముగా ఆధారపడు మైఎస్‌క్యూఎల్ అను డేటాబేసు నేడు వాడుచున్న ఇన్నోడీబీ ఆ వంశములోనిదే. 16 కిలోబైట్ల పుటలుగా అమర్చబడిన ఆ వృక్షమున, లక్షల వరుసలున్న పట్టికనుండి కోరిన వరుస నొకదానిని మూడు నాలుగు పుటలు తిరుగవేసి పట్టుకొనవచ్చును. అదే ఇండెక్సు లేనప్పుడు, లేక యున్నను పనికిరాని రీతిని ప్రశ్న వేసినప్పుడు, మొదటి వరుసనుండి చివరి వరుస వరకు చదువక తప్పదు. పుస్తకముల పట్టిక లేని గ్రంథాలయమున ఒక్క గ్రంథము కొఱకు బీరువాలన్నియు వెదకుచున్న పరిచారకుని చూచి, "ఇతనికి తోడు మఱి నలుగురిని నియమింపుడు" అను సలహా ఎట్టిదో, సర్వరు పెంచుమను సలహాయు నట్టిదే. నలుగురు వెదకినచో కొంత వేగిరమే దొరకును. కాని గ్రంథములు పెరిగినకొలది పరిచారకులును పెరుగుచు పోవలెను గదా!

ఈ దారి యేదో మనకు తెలియరాని రహస్యమైనచో, పెద్ద యంత్రము కొనుటకు కొంత సమర్థన యుండెడిది. కాని అది దాచబడినది కాదు. ప్రశ్నకు ముందు ఎక్స్‌ప్లెయిన్ అను నొక్క మాట చేర్చినంతనే, ఏ పట్టికను ఏ ఇండెక్సు ద్వారా చదువునో, ఎన్ని వరుసలు చూడగలదని అంచనా వేయుచున్నదో, వేఱుగ క్రమబద్ధము చేయవలసియున్నదో లేదో డేటాబేసే చెప్పును. 2019లో వెలువడిన మైఎస్‌క్యూఎల్ 8.0.18 నుండి ఎక్స్‌ప్లెయిన్ ఎనలైజ్ అనినచో, ప్రశ్నను నిజముగా నడిపి, ఏ మెట్టున ఎంత కాలము పట్టినదో కొలిచి చూపును. సాక్షి యెదుట నిలిచి చెప్పుటకు సిద్ధముగా నుండగా, అతనిని పిలువక తీర్పు చెప్పుట ఏమి న్యాయము?

ఒక ఉదాహరణము తీసికొందము. తెలుగు వార్తాసైట్లలో పుట ప్రక్కన "ఎక్కువమంది చదివినవి" అను పది శీర్షికల జాబితా సర్వసాధారణము. దానిని కూర్చు ప్లగిన్లలో కొన్ని ప్రతి వ్యాసముయొక్క చదువరుల లెక్కను పోస్ట్‌మెటా అను పట్టికలో వ్రాయును. ఆ పట్టికయొక్క నిర్మాణమెట్టిదనగా, వ్యాసముయొక్క సంఖ్యకును, మెటా పేరునకును ఇండెక్సులు కలవు గాని, అసలు విలువ యుండు గడికి లేదు. ఆ గడి దీర్ఘమైన పాఠము కొఱకు ఉద్దేశింపబడినది కాబట్టి, అంకె సైతము అందు అక్షరములుగానే నిలుచును. సైటులో 50,000 వ్యాసములున్నవనుకొందము. పది శీర్షికలు చూపవలెనన్న, డేటాబేసు ఆ యేబదివేల వరుసలను తీసి, ప్రతిదాని విలువను అక్షరములనుండి అంకెగా మార్చి, వ్యాసముల పట్టికతో జతపఱచి, అన్నింటిని పెద్ద మొదలు చిన్న వరకు అమర్చి, తొలి పదింటిని చేతికిచ్చి, తక్కిన 49,990 వరుసల శ్రమను పారవేయును. ఇది ప్రతి పుటలోను, ప్రతి చదువరికిని జరుగును. అది చాలదన్నట్లు, ప్రతి చదువరి రాకతో అదే పట్టికలో ఒక లెక్క మార్చి వ్రాయవలసియుండును.

ఇప్పుడు ప్రాసెసర్లను రెండింతలు చేసినచో ఏమగును? ఏబదివేల వరుసలును ఏబదివేలుగానే యుండును. అనేక సందర్భముల ఒక్క ప్రశ్నను ఒక్క ప్రాసెసరే నడుపును గనుక, ఆ ప్రశ్న యొక్కటి ముగియుటకు పట్టు కాలము సైతము తగ్గకపోవచ్చును. ఏకకాలమున మఱి కొందఱు చదువరులు అంతే సేపు వేచియుండుటకు మాత్రము చోటు కలుగును. దీనికి బదులు ఆ జాబితాను గంట కొకమాఱు లెక్కగట్టి ఒకచోట నిలిపినను, లేక లెక్కలను అంకెలుగానే యుంచు చిన్న పట్టికలో వ్రాసి ఆ గడికి ఇండెక్సు కట్టినను, పుట పుటకును జరుగు ఆ వృథాశ్రమ నిలిచిపోవును. ఒక పూట పని. అద్దె ఒక్క రూపాయి పెరుగదు.

"యంత్రము చౌక, మనుష్యుని కాలము ఖరీదు, ఇంజనీరును ఒక వారము కూర్చుండబెట్టుటకంటె ర్యామ్ కొనుట మేలు" అని ప్రతిపక్షులు చెప్పుదురు. వారి వాదములలో గౌరవింపదగినది ఇది యొక్కటే. వేలకొలది యంత్రములున్న మహాసంస్థలలో, కొన్ని సందర్భముల, ఇది నిజము కావచ్చును. కాని ఈ వాదమున ఒక లోపము కలదు. ఇంజనీరుయొక్క శ్రమ ఒక్కమాఱు పెట్టు వ్యయము. అద్దె ప్రతిమాసము పెట్టు వ్యయము. అంతకంటె ముఖ్యమైనది: వ్యాసములు పెరిగినకొలది ఆ చెడ్డ ప్రశ్న చదువు వరుసలును పెరుగును, నేడు కొన్న యంత్రము మఱి కొంతకాలమునకు మరల చాలకపోవును. వ్యయమును తగ్గించుట పేరిట వ్యయమునకు అంతులేకుండ చేయు వాదమిది.

వర్డ్‌ప్రెస్‌పై అంగళ్ళు నడుపు వూకామర్స్ అను ప్లగిన్ నిర్మాతలు ఏమి చేసిరో చూడుడు. ఏండ్ల తరబడి వారి ఆర్డర్ల వివరములు చాలవరకు ఆ పోస్ట్‌మెటా పట్టికలోనే, ఒక్కొక్క ఆర్డరుకు పదులకొలది వరుసలుగా, పేరుకొనుచుండెడివి. వర్తకము పెద్దదైన అంగళ్ళు మందగించెను. యంత్రము పెంచుకొనుడని తమ వినియోగదారులకు చెప్పి యూరకుండుట వారికి మిక్కిలి సులువు. అయినను వారు ఆర్డర్లకు ప్రత్యేకమైన పట్టికలు నిర్మించి, తగిన ఇండెక్సులు కట్టి, 2023 అక్టోబరులో 8.2 నుండి క్రొత్త అంగళ్ళకు దానినే సహజపద్ధతి చేసిరి. దోషము పట్టికల ఆకారమున నున్నదని ఆ వ్యవస్థను కట్టినవారే ఒప్పుకొని దిద్దిన పిమ్మట, మనము ఇంకను యంత్రమునే నిందించుట తగునా?

రెండవ వాదము క్యాషింగునకు సంబంధించినది. "క్యాషింగు ప్లగిన్ పెట్టినచో డేటాబేసుతో పనియే యుండదు" అందురు. సిద్ధమైన పుటను నిలువచేసి మరల మరల ఇచ్చుట మంచి పద్ధతియే. దానిని నేను నిరాకరింపను. కాని అది పరిచయము లేని చదువరికి, మునుపు తయారైన పుటకు మాత్రమే చెల్లును. లాగిన్ అయిన చందాదారుడు, వెదకుచున్న పాఠకుడు, బుట్టలో వస్తువు వేసికొన్న కొనుగోలుదారు, రాత్రి పొద్దుపోవువఱకు వ్యాసములు దిద్దుచున్న ఉపసంపాదకుడు, వీరందఱును ఆ నిలువకు వెలుపలనే నిలుతురు. పైగా క్రొత్త వార్త ప్రచురించినంతనే నిలువయున్న ముఖపుట చెల్లకపోవును. ముఖ్యవార్త వచ్చినప్పుడే చదువరులందఱును ఒక్కుమ్మడిగ వత్తురు. ఆ క్షణమున అదే చెడ్డ ప్రశ్నను వందలమంది తరఫున ఒకేసారి నడుపవలసి వచ్చును. అక్కరకు రావలసిన గడియలోనే అది చేయి విడుచును.

మైఎస్‌క్యూఎల్ చరిత్రయే ఇందుకు సాక్ష్యము. ప్రశ్నలకు వచ్చిన జవాబులను దాచుకొను క్వెరీ క్యాష్ అను నంగము దానికి బహుకాలము ఉండెడిది. దాని కొలత పెంచుడని సలహా నీయని వైద్యుడు ఆ దినములలో లేడు. ఒక పట్టికలో ఒక్క వరుస మారినను ఆ పట్టికకు సంబంధించి దాచిన జవాబులన్నియు చెల్లకుండ పోవును. అనేక ప్రాసెసర్లున్న యంత్రమున అన్ని పనులును ఆ క్యాషును కాపాడు ఒక్క తాళము కొఱకు వరుస కట్టవలసి వచ్చును. పైన చెప్పిన చదువరుల లెక్కవంటిది సైటులో నున్నచో, దాచుటయు చెరపుటయు తప్ప దానికి వేఱు పని యుండెడిది కాదు. నిర్మాతలు 2017లో దానిని నిరుత్సాహపఱచి, 2018లో వెలువడిన 8.0నుండి పూర్తిగా తీసివేసిరి. యంత్రము పెద్దదైనకొలది ఉపకారము తగ్గి అపకారము హెచ్చిన పరికరమది.

ఇక "శుభ్రపఱచు" వాదము. వ్యాసముల పాత ప్రతులను తొలగింపుడు, నెలకొకమాఱు పట్టికలను ఆప్టిమైజ్ చేయుడు అను నియమములు వ్రతములవలె పాటింపబడుచున్నవి. పాత ప్రతులు స్థలము నాక్రమించుట నిజము. కాని వర్డ్‌ప్రెస్ వ్యాసముల పట్టికలో రకము, స్థితి, తేది, సంఖ్య అను నాలుగింటిని కలిపి కట్టిన ఇండెక్సు ఉన్నది. ముఖపుట కొఱకు ప్రచురితవ్యాసములను వెదకునప్పుడు, రకము వేఱైన పాత ప్రతులను డేటాబేసు సామాన్యముగా తాకనే తాకదు. తాకని వరుసలను తుడిచివేసినందువలన వచ్చు వేగమేమి? పాపము, ఆ తుడుపులో సంపాదకుని పూర్వపాఠములు మాత్రము శాశ్వతముగా పోవును.

శుభ్రము చేయదలచినవారు చూడవలసిన చోటు వేఱే కలదు. ఆప్షన్స్ అను పట్టికలో ఆటోలోడ్ గుర్తు గల వరుసలన్నింటిని వర్డ్‌ప్రెస్ ప్రతి పుటకును మొట్టమొదటనే తెచ్చి మెమరీలో నింపుకొనును. ప్లగిన్లు తమ సామగ్రిని అందు కుమ్మరించును. ఆ ప్లగిన్లను తీసివేసిన తరువాతను ఆ సామగ్రి తఱచుగ అక్కడనే పడియుండును. 2024లో వచ్చిన వర్డ్‌ప్రెస్ 6.6లో, ఈ మొత్తము 800 కిలోబైట్లు దాటినచో హెచ్చరించు ఏర్పాటును నిర్మాతలే చేర్చిరి. అయిదు మెగాబైట్లు మోయుచున్న సైటునకు సెకండునకు ఇరువదిమంది వచ్చినచో, ఎవ్వరును చూడని చెత్త కొఱకు సెకండునకు నూఱు మెగాబైట్లు కదలవలెను. నియమముగా పాత ప్రతులు తుడుచువారిలో ఎందఱీ పట్టికను ఒక్కమాఱైన తెరచి చూచినారు?

తెలుగు సైట్లకు ప్రత్యేకమైన చిక్కొకటి యున్నది. దీనిని గూర్చి మాటాడువారు తక్కువ గనుక కొంచెము విపులముగా చెప్పెదను. వ్యాసమునకు చిరునామా ఇయ్యకున్న, వర్డ్‌ప్రెస్ శీర్షికనుండియే దానిని తయారుచేయును. తెలుగున ప్రతి అక్షరచిహ్నమును, అనగా హల్లును, గుణింతపు గుర్తును, సున్నను వేర్వేఱుగ లెక్కించినచో, ఒక్కొక్కటి మూడు బైట్లు. చిరునామాలో నది తొమ్మిది గుర్తులుగా మారును. చిరునామాకు కేటాయించిన గడి వెడల్పు 200. "తెలంగాణ శాసనసభ సమావేశాలు" అను మూడు మాటలలో ఇరువదిరెండు చిహ్నములు. అవి 198 గుర్తులై, రెండు ఖాళీలతో సరిగా 200 అగును. ఆ తరువాత మీ శీర్షికలో ఏమి వ్రాసినను చిరునామాలోనికి రాదు. ఆ మాటలతో మొదలగు ప్రతి వార్తకును ఒకే చిరునామా పుట్టును. అట్లు పుట్టినప్పుడు వర్డ్‌ప్రెస్ చివర 2 చేర్చి చూచును, అదియు ఉన్నచో 3, అదియు ఉన్నచో 4, ఇట్లు ఖాళీ దొరకువఱకు ఒక్కొక్కటిగా డేటాబేసు నడుగును. ఆ గడికి ఇండెక్సు కలదు గాని, అది తొలి 191 గుర్తులకే. సంఖ్య చేర్చుటకు చోటు చేయగా మిగులు భాగము ఈ శీర్షిక విషయమున సరిగా 191 గుర్తులు! అనగా ఒకదానినుండి మఱియొకదానిని వేఱుచేయు సంఖ్య ఇండెక్సులోనికి రానేరాదు. ప్రతి అడుగునను వెనుకటి వరుసలను ఒక్కొక్కటిగ తెరచి చూడవలసినదే. వేయవ వార్తను ప్రచురించుటకు ఇంచుమించు వేయి ప్రశ్నలు, సుమారు అయిదు లక్షల వరుసల పరిశీలన. ప్రచురణ మీట నొక్కి, ముఖ్యమంత్రి ప్రసంగవార్త బయటికి రాక నిరీక్షించుచున్న ఉపసంపాదకునికి, "సర్వరు చిన్నది" అని చెప్పుదురు. శీర్షికను పొట్టి రోమను అక్షరముల చిరునామాతో ప్రచురించు నలవాటు చేసినచో ఆ శ్రమ యంతయు మాయమగును.

వెదకుటయు నట్టిదే. వర్డ్‌ప్రెస్ తనంతట తాను చేయు వెదకులాట, కోరిన పదము శీర్షికలోనో సారాంశములోనో వ్యాసములోనో ఎచ్చటనైన నున్నదాయని ప్రచురితవ్యాసముల పాఠము పరిశీలించుటయే. ముందువెనుకల ఏమున్నను సరేనను అట్టి ప్రశ్నకు సామాన్యపు ఇండెక్సు ఉపకరింపదు. దానికి ప్రత్యేకమైన వెదకు వ్యవస్థయే శరణ్యము.

యంత్రము ఎన్నడును చాలకపోదని నా వాదము కాదు. నిరంతరము చదువబడు వరుసలు మెమరీలో పట్టక డిస్కునుండి మరల మరల తేవలసి వచ్చినప్పుడు ర్యామ్ పెంచుట న్యాయమే. కాని ఇక్కడను పరీక్ష లేని వ్యయము ఎట్లు వ్యర్థమగునో గమనింపుడు. ఇన్నోడీబీ తన వరుసల కొఱకు మెమరీలో ఉంచుకొను బఫర్ పూల్‌యొక్క సహజ పరిమాణము 128 మెగాబైట్లు. ఆ సంఖ్యను ఎవ్వరును మార్చనిచో, 32 గిగాబైట్ల యంత్రమున సైతము ఆ భాగము 128 మెగాబైట్లుగానే యుండును. కొన్న మెమరీలో అధికభాగము డేటాబేసునకు ప్రత్యక్షముగా చెందకయే అద్దె లాగుకొనుచుండును. ఒక్క పంక్తి మార్చుటకు చేయిరాక, యంత్రమే మార్చిన సందర్భములిట్టివి.

పరీక్షకు సాధనములు లేవన్న సాకు సైతము నిలువదు. మైఎస్‌క్యూఎల్‌లో స్లో క్వెరీ లాగ్ అను నొక చిట్టా కలదు. అది సహజముగా మూయబడి యుండును. తెరచినను, పది సెకండ్లు దాటిన ప్రశ్ననే వ్రాయును. పుట నంతసేపు ఏ చదువరియు సహింపడు. కావున ఆ లాగును చూచి "ఇందేమియు లేదు" అనువాడు చూడవలసిన రీతిని చూడలేదని యెఱుగవలెను. అయిదవ వంతు సెకండుకంటె తక్కువకు పరిమితి దించి, దొరకిన వానిని మైఎస్‌క్యూఎల్‌డంప్‌స్లోతో గాని, పెర్కోనావారి పీటీ-క్వెరీ-డైజెస్ట్‌తో గాని కూర్చినచో, మొత్తము కాలములో ఏ ప్రశ్న ఎంత తినుచున్నదో తేలిపోవును. ఒక్కమాఱు మూడు సెకండ్లు తీసికొను ప్రశ్నకంటె, ప్రతి పుటలోను అయిదవ వంతు సెకండు తీసికొను ప్రశ్న మిక్కిలి హానికరము. మొత్తము చూడనివానికి అది కనబడదు. లాగును ముట్టుకొన వీలులేని చౌక హోస్టింగ్‌లో నున్నవారికి క్వెరీ మానిటర్ అను ఉచితమైన ప్లగిన్ కలదు. ఏ పుటకు ఎన్ని ప్రశ్నలు జరిగినవో, అందు ఏ ప్లగిన్ ఎన్ని వేసినదో పేర్లతో సహా చూపును.

సంపాదకులారా, గ్రంథాలయాధికారులారా, చిన్న సైట్లను పోషించు మహాశయులారా! ఈమాఱు మీ యెదుటకు పెద్ద సర్వరుయొక్క బిల్లు వచ్చినప్పుడు, దానిని తెచ్చినవానిని ఒక పనిదినమంతయు ఆ లాగును నడిపి, అందు అగ్రస్థానమున నిలిచిన అయిదు ప్రశ్నలను, వాని ఎక్స్‌ప్లెయిన్ ఫలితములను, బఫర్ పూల్ పరిమాణమును, ఆటోలోడ్ మొత్తమును ఒక కాగితముమీద వ్రాసి తెమ్మనుడు. ఆ కాగితము మీ చేతికి వచ్చువఱకు ఆ బిల్లుమీద సంతకము చేయకుడు.